ఫోటోలో లేని కొమ్మ

మొన్నొక ఆదివారం పొద్దున మా పేట చెరువు గట్టు మీద నడిచి ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ ఉండగానే ఫోనుకు ఒక సందేశం వచ్చింది. గట్టు మీది నడకదారిలో రెండుచోట్ల పరిచిన రాళ్ళు లేచిపోయి పెద్దవాళ్ళు తట్టుకుని పడుతున్నారని మా వీధివాళ్ళం నలుగురం కలిసి పెట్టుకున్న ఫిర్యాదు పరిష్కారమైపోయిందట. రుజువుగా ఒక ఫోటో కూడా జతచేశారు. ఆ లేచిన రాళ్ళను నేను పావుగంట కిందటే దాటుకుని వచ్చాను. ఫోటోలో మాత్రం దారి చక్కగా, నున్నగా ఉంది. మా ఆవిడ చూసి, ఇంకెక్కడిదో ఫోటో అయి ఉంటుందిలే అంది. కాదు, చోటు అదే. ఎక్కడ నిలబడి, ఎంత వంగి, కెమెరాను ఏ పక్కకు తిప్పితే ఆ రాయి కనబడకుండా పోతుందో చెప్పగలను, ఎందుకంటే ఒకప్పుడు నేను కూడా అదే పని చేసి జీతం తీసుకున్నాను.

ఆ ఫోటో చూసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మా బంధువుల్లో, మా పాత వీధిలో పదిహేనేళ్ళుగా ఒక మాట పాతుకుపోయి ఉంది: ఆ రోజు మా చిన్నాయన గుంతలో కొమ్మ పెట్టడం మరిచిపోయాడని, అందుకే ఎదురింటి అమ్మాయి కాలు పోయిందని. అది నిజం కాదు. ఆయన పెట్టాడు. తీసింది నేను. చివరిదాకా దాచి చెప్పడానికి ఇదేమీ కథ కాదు కనుక ముందే చెప్పేస్తున్నాను.

అప్పుడు మేముండింది తమిళనాడులో, హొసూరుకూ కృష్ణగిరికీ నడుమ ఒక చిన్న పట్టణంలో. ఊరి పేరు, నేను పనిచేసిన ఆఫీసు పేరు ఇక్కడ రాయను. నా తప్పును వాళ్ళ నెత్తిన పెట్టే ఉద్దేశం నాకు లేదు. మా సొంతూరు వేప్పనపల్లి పక్క పల్లె. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న పోతే, ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, నన్ను తనింట పెట్టుకుని కృష్ణగిరి కాలేజీ దాకా చదివించాడు. ఆయన బర్గూరు రాళ్ళ క్వారీల్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఎన్నిసార్లు తలస్నానం చేసినా ఆయన చెవుల వెనక రాతి దుమ్ము తెల్లగా ఉండేది; చిన్నమ్మ పండగ పూట సీకాయతో రుద్ది రుద్ది, ఇది మనిషి తోలా, బండ తోలా అని విసుక్కునేది. ఆ దుమ్ముతో వచ్చిన కూలితోనే నా పుస్తకాలు, నా తెల్ల చొక్కాలు.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. జనం పెరిగారు, పేటలు పెరిగాయి, నీళ్ళ పైపులకని ప్రతి వీధినీ తవ్వారు. తవ్వినంత శ్రద్ధగా పూడ్చడం మన దగ్గర ఎప్పుడూ లేదు కదా. వానొస్తే పూడ్చిన మట్టి కుంగి, చిన్నాయన ఇంటికి పది గజాల దూరంలో, సరిగ్గా వీధి మలుపులో, మోకాలి లోతు గుంత పడింది. క్వారీలో మందు పేల్చే చోట ఎర్రగుడ్డ కట్టి మనుషులను హెచ్చరించడం ఆయనకు అలవాటు. ఇక్కడ గుడ్డ కడితే ఎవరో ఎత్తుకుపోయారు. అందుకని రోజూ పొద్దున్నే పెరట్లో కానుగ కొమ్మ ఒకటి విరిచి గుంతలో నిలబెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చేవాడు. ఎండిన కొమ్మను చూస్తే జనం చెత్త అనుకుని బండి ఎక్కిస్తారు, పచ్చగా ఉంటేనే పక్కకు తిప్పుకుంటారు అని ఆయన లెక్క. రోజుకొక కొత్త కొమ్మ. మలుపులోని టీ అంగడివాళ్ళు ఆయనను బాగా ఆటపట్టించేవాళ్ళు.

"ఏమప్పా, నీ తోటకు నీళ్ళు పోసినావా? దినానికొక కొమ్మ నాటితే రేపు ఫారెస్టోళ్ళొచ్చి ఈ వీధిని వాళ్ళదంటారు చూడు!"

"అట్లయినా ఒక ఆఫీసరు ఈ పక్క తొంగి చూస్తాడు కదప్పా, రానీ" అనేవాడు చిన్నాయన, గాజు గ్లాసు కింద పెట్టకుండానే.

ఆ గుంత గురించి ఆయన ఇచ్చిన ఫిర్యాదు నా చేతికే వచ్చింది. నేను అప్పటికి పట్టణ ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో తాత్కాలిక ఉద్యోగిని. కౌంటరు దగ్గర ఒకరు తమిళంలో, ఒకరు తెలుగులో, మరొకరు కన్నడంలో తమ వీధి కష్టం చెప్పుకునేవాళ్ళు. అర్జీ మాత్రం తమిళంలో ఉండాలి. చిన్నాయనకు తమిళం ధారాళంగా వచ్చు కానీ రాయడం రాదు. ఆయన చెబుతుంటే నేను రాశాను, కింద ఆయన తెలుగులో సంతకం చేసి, రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మనోడు లోపల ఉండేటప్పుడు మనకేం తక్కువ అని వీధిలో ఇద్దరు ముగ్గురితో అన్నాడట కూడా. మరో రెండు అర్జీలు రాశాం. గుంత గుంతలాగే ఉంది.

ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, ఇన్ని రోజుల్లోపల ముగియని ఫిర్యాదులకు పైనుంచి సంజాయిషీ అడిగేవాళ్ళు. ముగిసిందనడానికి చోటు ఫోటో ఒకటి ఫైలులో అంటించాలి. దానికి ఒక చిన్న కెమెరా ఉండేది, దాన్ని మెడలో వేసుకుని ఊరంతా తిరగడం నా పని. కంకర లారీ వస్తే నిజంగానే పూడ్చి ఫోటో తీసేవాణ్ణి. రాకపోతే రానట్టు కనబడకుండా తీసేవాణ్ణి. మొదట్లో భయం వేసేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత అందులో నాకు నేర్పు ఉందని మా సూపర్‌వైజరు మెచ్చుకుంటే సంతోషం కూడా వేసింది. అప్పుడే తాత్కాలికం వాళ్ళలో కొందరిని ఖాయం చేస్తారని, జాబితా తయారవుతోందని ఒక మాట నడుస్తూ ఉంది. మా ఆవిడ కడుపుతో ఉంది.

ఆ నెలాఖరున ఒక పొద్దున సూపర్‌వైజరు ఫైలు నా ముందు పడేసి, మధ్యాహ్నంలోగా ఇది ముగియాలన్నాడు. చిన్నాయన అర్జీయే. లారీ రాలేదు. నేను పదిగంటలకు అక్కడికి వెళ్ళాను. ఆ రోజు చిన్నాయన కళ్ళు చూపించుకోవడానికి మొదటి బస్సుకే కృష్ణగిరి పోయాడు. వెళ్ళే ముందు కొమ్మ మార్చాడు. నేను చూసేటప్పటికి దాని ఆకులు ఇంకా వాడలేదు. పొద్దుటి బేరం ముగిసి టీ అంగడి మూసి ఉంది. పక్కనే ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోసుకున్న కంకర కుప్ప ఉంది. అడిగి నాలుగు గంపలు తెచ్చి గుంతలో పోసి, పైన మట్టి చల్లి కాలితో సర్దాను. అడుగున బురద, పైన పలుచటి పొర. మనిషి నిలబడితే దిగిపోతుందని నాకు తెలుసు. కొమ్మ ఉంటే అక్కడ గుంత ఉన్నట్టే కనుక దాన్ని పీకి పక్క ఖాళీ స్థలం కంచె మీదుగా అవతలికి విసిరేశాను. ఫోటో తీశాను.

మళ్ళీ ఎందుకు పెట్టలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. తొందరలో మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. కంచె దాకా రెండడుగులు వేశాను కూడా. తిరిగి పెడితే నేను పూడ్చలేదని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టవుతుందని ఆగిపోయాను.

మూడు గంటలకు వాన మొదలైంది. ఎదురింటి అమ్మాయి ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకుని నాలుగు దాటాక మోపెడ్ మీద వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు; మిషను ముందు ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, ఆ జీతంతో అత్తగారింట తలెత్తుకు తిరిగే పిల్ల. వీధి నిండా నీళ్ళు. రోజూ కొమ్మను చూసి తిప్పుకునే మలుపులో ఆ రోజు కొమ్మ లేదు కనుక బాగు చేశారనుకుని నేరుగా పోనిచ్చింది. బండి ముందు చక్రం దిగిపోయి, ఆమె కుడి మోకాలు బండి కింద నలిగింది. ఆ కాలు మళ్ళీ వంగలేదు.

చిన్నాయన సాయంత్రం బస్సు దిగి, కళ్ళలో వేసిన మందుకు ఇంకా మసకగా కనబడుతుంటే, చేయి అడ్డం పెట్టుకుని వీధిలోకి వచ్చేసరికి జనం గుంపుగా ఉన్నారట. టీ అంగడిలో రోజూ నవ్వే మనిషే ఇప్పుడు ఎదురొచ్చి, "ఏమప్పా, ఈ పొద్దు నీ కొమ్మ యాడ?" అన్నాడట.

మరునాడు వీధివాళ్ళు ఇరవైమంది దాకా ఆఫీసుకు వచ్చారు. చిన్నాయన ముందున్నాడు. మూడు అర్జీలిచ్చినాము, ఒక్కరూ రాలేదు, నేను పొద్దున ఆరింటికి కొమ్మ పెట్టే పోయినాను, అది కూడా మీవాళ్ళే తీసినారు అని గట్టిగా అడిగాడు. సూపర్‌వైజరు నిదానంగా ఫైలు తెరిచి నా ఫోటో చూపించాడు. మూలన పసుపురంగు అంకెల్లో సమయం పడి ఉంది. మేము పదింటికే పూడ్చినాము, మావాడు పోయేసరికే అక్కడ కొమ్మ లేదు, వానకు కొట్టుకుపోతే దేవుణ్ణడగండి, చూడండి, ఇందులో కొమ్మ ఎక్కడుంది అన్నాడు. చిన్నాయన ఆ ఫోటోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను ఆ పక్క బల్ల దగ్గరే, ఏదో రిజిస్టరులో గీతలు గీస్తూ కూర్చున్నాను. చివరికి ఆయన, "లేదప్పా, అవును" అన్నాడు. రోజూ ఉండే కొమ్మ కనుక, ఆ పొద్దున చూశామో ముందురోజు చూశామో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేకపోయారు. ఇరవైమందిలో ఎవరో, ముసలాయన కదా, బస్సు తొందరలో మరిచిపోయి ఉంటాడు అన్నారు. కోపంతో కాదు, జాలితో అన్నారు. ఆ జాలే అప్పటినుంచి ఆయనకు అంటుకుంది.

ఆ సాయంత్రం నేను చిన్నాయన ఇంటికి వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

"నాయనా, ఫోటో తీసింది నువ్వే కదా. నువ్వు పోయినప్పుడు ఆడ కొమ్మ ఉండెనా?"

నన్ను నిలదీయడానికి అడిగిన మాట కాదది; నా మీద ఆయనకు అనుమానం రవ్వంత లేదు. తన బుర్ర బాగుందో లేదో తెలుసుకోవడానికి అడిగాడు, అంతే. ఆ క్షణాన నేను నిజం చెప్పి ఉంటే, ఆయన నన్ను తిట్టి, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మూడో రోజు నన్ను కాపాడే దారి వెతికి ఉండేవాడు.

"నేను చూడలేదు చిన్నాయనా" అన్నాను.

"అట్లనా" అన్నాడు.

మరుసటి వారం నుంచి ఆయన కొమ్మ పెట్టడం మానేశాడు. ఎటూ గుంతను నిజంగానే పూడ్చారు. తర్వాత ఒక్కొక్కటే వదిలేశాడు. తాళం వేశానో లేదో అని బస్‌స్టాండు నుంచి వెనక్కి వచ్చేవాడు. మందు మింగానా అని చిన్నమ్మను రెండేసి మార్లు అడిగేవాడు. టీ అంగడికి పోవడం మానుకున్నాడు. ఎదురింటి అమ్మాయి కర్ర పట్టుకుని గడప దిగుతుంటే లోపలికి వెళ్ళిపోయేవాడు. క్వారీలో ముప్పై ఏళ్ళు మందు పెట్టి, ఒక్కనాడూ లెక్క తప్పని మనిషి, తన చేతిని తానే నమ్మకుండా నాలుగేళ్ళు బతికి పోయాడు. నా ఉద్యోగం ఖాయమైంది. తర్వాత రెండేళ్ళకు నేనే వదిలేసి వేరే ఊరు వచ్చేశాను, అందులో గొప్పేమీ లేదు.

చెరువు గట్టు ఫోటో వచ్చిన వారానికి బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళాను. మొదట ఎదురింటికి వెళ్ళాను. ఆమె ఇప్పుడు ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. కాలు చాపుకుని కూర్చుని నేను చెప్పిందంతా విన్నది.

"నాకెందుకు చెప్తాండావన్నా? నా కాలికి ఎవరు తీస్తే ఏమి, ఎవరు పెట్టకుంటే ఏమి. తాత నా ముఖం చూడలేక చూడలేక పోయినాడు. నేను ఆయనను ఒక మాట అనలేదు, తెలుసా? అయినా చూడలేక పోయినాడు. ఇంక పో, అవ్వకు చెప్పుకో. పిండి పొంగుతాంది, నాకు పనుంది."

చిన్నమ్మకు చెప్పుకున్నాను. ఆమె చేటలో వేరుశనక్కాయలు వేసుకుని ఒలుస్తోంది. నేను చెబుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు. అంతా అయ్యాక అంది:

"ఆ పొద్దు కొమ్మ విరిచి ఆయన చేతికిచ్చింది నేనే నాయనా. బస్సుకు పొద్దవుతాందని నేనే విరిచినాను. ఆయనకు చెప్పినాను కూడా. వింటేనా! 'నువ్వు నిన్నటిది చెప్తాండావు, వాడు చదువుకున్నోడు, వాడు చూడలేదంటే లేదు' అనె. అనంగా అనంగా నాకూ నిన్నటిదేమో అనిపించె."

ఆ ఇంట్లో ఒకరికే చేశాననుకున్న అన్యాయం ఇద్దరికి చేశానని నాకు అప్పుడు తెలిసింది.

ఆ వీధి ఇప్పుడు సిమెంటు రోడ్డు. ఫిర్యాదు చేయడానికి ఎవరూ ఎవరి చేతా అర్జీ రాయించుకోనక్కర లేదు, ఫోనులో రెండుసార్లు నొక్కితే నంబరు వస్తుంది. బాగైందని వచ్చిన సందేశాన్ని మనమూ నమ్మం, పంపినవాళ్ళూ నమ్మరు. దాని వల్ల ఎవరి మనసూ విరగదు. ఇంట్లో కూడా అంతే. బయట వాన పడుతోందని నేనంటే మా అమ్మాయి ఫోను చూసి అవునంటుంది. ఒక మనిషి మాట మీద తన కళ్ళను తానే కాదనుకునేవాళ్ళు మన తరంతోనే, మన ముందు తరంతోనే పోతున్నారు. పోవడమే మంచిదని నలుగురిలో నేనూ అంటుంటాను.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే చిన్నమ్మ తలెత్తి చూసింది. కోపమేమీ లేదు ఆ ముఖంలో.

"ఇప్పుడు చెప్పినావే, ఇది నిజమేనా నాయనా?"

నిజమేనన్నాను. ఆ ఇంట్లో నా మాటను ఒకరు తిరిగి అడగడం అదే మొదటిసారి.