ముడుపులోని రెండు రూపాయల బిళ్ల

బిడ్డకు జ్వరం తగ్గాలని నా భార్య కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టింది. పసుపు గుడ్డలో మూట కట్టేటప్పుడు ఆ రెండు రూపాయల బిళ్ల మీద అక్షరాలు నాకు జంటగా కనిపించాయి. టంకశాలలో తప్పు పడిన బిళ్ల లక్షలు పలుకుతుందని మా ఊరు కోరుట్లంతా కోతలు కోసింది నేనే. జ్వరం ఇంకా పూర్తిగా దిగలేదు. అయినా ఎవరూ చూడకుండా ముడి విప్పి, బిళ్ల జేబులో వేసుకుని జగిత్యాల బస్సెక్కాను.

బస్సు కదిలాక భయం పట్టుకుంది. నిజంగానే లక్షలు పలికితే? దేవుడికి మొక్కిన సొమ్మును అమ్మకుండా ఉండగలనా? అమ్మితే పిల్ల ఏమవుతుంది? అది తప్పు బిళ్ల కాకూడదని, అచ్చు అరిగి అక్షరాలు అలా పడి ఉండాలని దారి పొడుగునా దండాలు పెట్టుకున్నాను.

పాత నాణేలు కొనే దుకాణదారు భూతద్దం పెట్టి చూశాడు.

"అక్షరం ఉబ్బి అంచు దిక్కు జారింది సూడన్నా. అచ్చు అరిగితే గిట్లనే అయితది. అసలు తప్పయితే రెండు గీతల నడుమ సందు సాఫ్‌గ కనవడాలె. గిది ఉత్త రెండు రూపాయల బిళ్లనే."

"బతికిచ్చినవ్ తమ్మీ!"

"లక్షలు పోతే గింత సంబురమేందే?"

అతను నవ్వుతుండగానే ఫోన్ మోగింది. నా భార్య.

"ఏడున్నవ్? ముడుపు ఎవలో ఇప్పిన్రు. బిడ్డకు మల్ల ఒళ్లు కాలుతాంది."

ఎన్ని కథలైనా అల్లే నా నోటికి ఒక్క అబద్ధమూ రాలేదు.

"నా జేబుల ఉన్నది," అన్నాను. "అస్తున్న."