రెండోదేది మేడం

ఆవిడకి ఏ వస్తువు చూపించినా, ఏ కబురు చెప్పినా నోటివెంట ముందుగా వచ్చే మాట ఒక్కటే: "రెండోదేది?"

ఔషధ మొక్కల పరిశోధనాలయంలో ఆవిడ పెద్ద శాస్త్రవేత్త. మూడో అంతస్తులో చక్కెర జబ్బు తెప్పించిన ఎలుకలకు ఆకుల కషాయం పట్టేది. రెండో అంతస్తులో గాజు పళ్లాల్లో క్రిములను పెంచి, అదే ఆకు రసానికి అవి చస్తాయో లేదో చూసేది. మందు తాగిన ఎలుక పక్కన తాగని ఎలుక ఉండాలి. రసం చుక్క వేసిన పళ్లెం పక్కన ఉత్త నీటి చుక్క వేసిన పళ్లెం ఉండాలి. పక్కన రెండోది లేకపోతే మొదటిది ఏం చెప్పినా చెల్లదని ఆవిడ నమ్మకం. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. అయితే ఆ నమ్మకాన్ని సాయంత్రం ఐదింటికి ప్రయోగశాలలో పెట్టి తాళం వేసి వెళ్లేది కాదు. చేతిసంచీలో వేసుకుని ఇంటికి కూడా తీసుకెళ్లేది.

ఈ సంగతి అందరికన్నా బాగా ఎరిగినవాడు కింది అంతస్తులో స్టోరు చూసే బాబాయి. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ఎండిన ఆకులు, బెరళ్లు, వేళ్లు నింపిన బస్తాల మధ్య ఇరవై రెండేళ్లు గడిపాడు. ఆవిడకి "రెండోదేది మేడం" అని పేరు పెట్టిందీ ఆయనే. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆవిడ కోపగించుకోలేదు. "ఇంకో పేరేదైనా అనుకున్నారా బాబాయ్, లేక ఇదొక్కటేనా?" అని మాత్రం అడిగింది.

ఒకసారి బాబాయి భార్య ఆవిడకి ఫ్లాస్కులో టీ పోసి పంపింది.

"బాగుందా అమ్మా?" అన్నాడు బాబాయి.

"దేనికన్నా?"

మర్నాడు బాబాయి రెండు ఫ్లాస్కులు తెచ్చాడు. ఆవిడ రెండూ రుచి చూసి, ఒకదాన్ని పక్కకు జరిపింది. "ఇది మీరు పెట్టారు కదూ? ఇంకెప్పుడూ పెట్టకండి."

కొత్తగా వచ్చిన డైరెక్టరు మొదటి మీటింగులోనే, తాను వచ్చాక అందరూ వేళకి వస్తున్నారని సంతోషం వెలిబుచ్చాడు. ఆవిడ లేచి నిలబడింది. "మీరు రాకముందు ఎన్నింటికి వచ్చేవాళ్లమో ఎక్కడైనా రాసి ఉందా సార్?" లేదన్నాడు. "పోనీ, మీరు వెళ్లని ఇంకో సంస్థలో ఎలా ఉందో కనుక్కున్నారా?" ఆనాటి నుంచి డైరెక్టరు ఆవిడ ఎదురుపడితే ఎండ గురించి కూడా మాట్లాడేవాడు కాదు.

ఇక పెళ్లి సంగతి ఆవిడ భర్తే చెప్పేవాడు. ఆయన లెక్కల మాస్టారు. పెళ్లి చేసుకుందామా అని ఆయన అడిగితే ఆవిడ ఆరు వారాలు గడువడిగిందట. మొదటి మూడు వారాలు రోజూ కలిసింది, తరవాతి మూడు వారాలు మొహం చూపించలేదు. ఆరో వారం చివర కాగితం పట్టుకొచ్చి, "నువ్వు కనపడ్డ రోజుల్లో నిద్ర అరగంట తగ్గింది. కానీ ఆకలి బాగుంది. చేసుకుందాం" అందట. "ఆ నిద్ర సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది బాబాయ్" అని మాస్టారు మురిసిపోతూ చెప్పేవాడు.

బాబాయికి ఆరేళ్లుగా షుగరు. మాత్రలంటే మొదటి నుంచీ గిట్టదు. అలాంటి మనిషికి ఒకరోజు మేడ మీది నుంచి చల్లని కబురు దిగింది. స్టోరులో అందరూ చేదాకు అని పిలుచుకునే ఆకుతో ఎలుకలకు చక్కెర తగ్గిందట. గాజు పళ్లెంలో దాని రసం పడినంత మేరా క్రిములు చచ్చాయట. ఆ చేదాకు బస్తాలు మోయించిందెవరు, ఎండబెట్టించిందెవరు? తానే. తన చేతి కింది ఆకు తనకి పనికిరాదా? బాబాయి ఆ పూటే మాత్రలు బల్ల సొరుగులో పడేసి, రోజుకో గుప్పెడు ఆకు ఇంటికి తీసుకెళ్లి మరిగించుకు తాగడం మొదలుపెట్టాడు.

నెలన్నర తిరక్కుండా ఆవిడ తూకం కాటాతో స్టోరులోకి దిగింది.

"బాబాయ్, ఈ రెండు బస్తాలూ ఒకే రోజు వచ్చాయి, ఒకే తూకం. ఇప్పుడు ఒకటి మూడు కిలోలు తక్కువుంది."

"ఎలుకలేమో అమ్మా."

"మన ఎలుకలు మూడో అంతస్తులో ఉంటాయి. లిఫ్టు నొక్కడం ఇంకా రాలేదు."

బాబాయి దాచలేదు. దాచాలని ఆయనకి లేదు కూడా. తానే కషాయం తాగుతున్నానని గర్వంగా ఒప్పుకున్నాడు.

"మాత్రలు మానేశారా?" ఆవిడ గొంతు తగ్గింది.

"ఎందుకమ్మా ఇక? మీ ఎలుకలకే తగ్గింది కదా."

"మీరు ఎలుకా బాబాయ్? వాటికి పట్టిన లెక్కన మీరు తాగాలంటే రోజుకి బస్తా మరిగించాలి. అంత తాగితే మనిషి ఏమవుతాడో ఎవరికీ తెలీదు."

ఆయన లేచి బస్తా సర్దబోయాడు. ఎడమ కాలు నేల మీద పూర్తిగా ఆనడం లేదు. చెప్పు విప్పమంది ఆవిడ. వద్దన్నాడు. ఇంకోసారి అడిగింది. బొటనవేలు ఉబ్బి నల్లబారింది. దాని మీద చేదాకు ముద్ద ఎండి పెచ్చులు కట్టి ఉంది. కింద పుండు తడిగా మెరుస్తోంది, వాసన కూడా వస్తోంది.

"ఆసుపత్రికి పదండి."

"కోసేస్తారమ్మా. ఇంట్లో మీ పిన్నిది కూడా పొద్దస్తమానం ఇదే గోల. పళ్లెంలో క్రిములు చచ్చాయి కదా, నా వేలు మీదా చస్తాయి."

"పళ్లేనికి షుగరు లేదు బాబాయ్."

ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆ రోజు ఆవిడ మెట్లెక్కి వెళుతూ ఎవరినీ ఏమీ అడగలేదు. దారిలో కుర్రశాస్త్రవేత్త ఒకడు ఒకే ఒక్క ఎలుక రిపోర్టు చూపిస్తే, బాగుందని చెప్పి వెళ్లిపోయింది. వాడు భయపడి పక్కవాళ్లకి చెప్పుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికల్లా ఆవిడ మళ్లీ స్టోరులో ఉంది. చేతిలో కొత్త నోటుపుస్తకం.

"బాబాయ్, నాకో మనిషి కావాలి. చేదాకు సంగతి తేలాలంటే, చేదాకు ముట్టనివాడు ఒకడుండాలి. డాక్టరు రాసిన మాత్రలే వేసుకోవాలి, పుండుకి ఆసుపత్రిలోనే కట్టు కట్టించుకోవాలి. సోమవారం సోమవారం నా దగ్గరికొచ్చి రక్తం చూపించాలి. అలాంటివాడు దొరక్కపోతే నా ఇన్నేళ్ల పనీ నీళ్లపాలు."

బాబాయి నోటుపుస్తకంలోకి తొంగి చూశాడు. "అంటే... రెండోదా అమ్మా?"

"రెండోదే."

బాబాయి నడుము నిటారైంది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఊరంతా వెతుకుతున్నది తననేనని తేలితే ఎవరు కాదనగలరు? మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకో వారం ఆగి ఉంటే వేలు దక్కేది కాదన్నాడు అక్కడి డాక్టరు.

ఆ తరువాత ఇంట్లో ఆయన్ని పట్టడం కష్టమైంది. రోజూ పొద్దున మేడ ఎక్కి మేడం ఎదుట మాత్ర మింగి, నోరు తెరిచి చూపించి మరీ స్టోరుకి వెళ్లేవాడు. పక్కింటివాళ్లు మిఠాయి పంపితే, "తీసెయ్, నేను ప్రయోగంలో ఉన్నాను" అని భార్యని కసిరేవాడు. చక్కెర డబ్బా మీద చెయ్యి వేయకుండా ఆయన్ని ఆరేళ్లు కాపలా కాసిన ఆ ఇల్లాలు, ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడు నెలలకి పుండు మానింది.

సరిగ్గా అప్పుడే కమిటీ దిగింది. జంతువుల మీద, మనుషుల మీద ప్రయోగాలు పద్ధతిగా జరుగుతున్నాయో లేదో చూసే కమిటీ. మందపాటి కళ్లద్దాల పెద్దాయన దాని అధ్యక్షుడు. స్టోరు దాకా వచ్చి, "ఇక్కడ మనుషుల మీద ప్రయోగాలేమీ లేవు కదా?" అని డైరెక్టరుని అడిగాడు.

"లేవండీ" అన్నాడు డైరెక్టరు.

"నేనున్నాను కదండీ" అన్నాడు బాబాయి, నొచ్చుకుంటూ.

డైరెక్టరు ముఖం పాలిపోయింది. అనుమతి లేకుండా మనిషి మీద ప్రయోగమంటే ప్రయోగశాలకి తాళమే. ఆవిడని పిలిపించారు. ఆవిడ నోటుపుస్తకం తెచ్చి చేతికిచ్చి నిలబడింది. అధ్యక్షుడు అన్ని పేజీలూ తిప్పాడు. మాత్ర వేసుకున్న వేళ, కట్టు మార్చిన రోజు, చక్కెర అంకెలు. మనిషి ఒక్కడే.

"పోల్చడానికి ఇంకొకరుండాలి కదమ్మా. రెండోదేది?"

వెనకాల నిలబడ్డ సిబ్బందిలో ఎవరో దగ్గి నవ్వు మింగారు. ఆవిడ నవ్వలేదు.

"లేదండీ. ఇది ప్రయోగం కాదు. మాత్రలు ఆసుపత్రివే, కట్టూ వాళ్లదే. నేను ఎదురుగా నిలబడి చూశాను, అంతే. మామూలుగా చెప్తే ఆయన వినలేదు. ప్రయోగమని అబద్ధం చెప్పాను."

"అబద్ధమా, మీరా?" అన్నాడు డైరెక్టరు, అప్రయత్నంగా.

"పోల్చాలంటే ఇంకో మనిషిని మాత్రలు లేకుండా ఆ పుండుతో వదిలెయ్యాలి. ఆ కాలు ఏమవుతుందో నాకు తెలుసు. అది చూడాలని లేదు."

అధ్యక్షుడు పుస్తకం మూసి ఆవిడకే ఇచ్చేశాడు. బాబాయి కాలి వంక ఒకసారి చూసి, ఎలుకల గది ఎటువైపని అడిగాడు.

బాబాయికి మాత్రం పట్టరాని అలక వచ్చింది. మూడు నెలలు నోరు కట్టుకుని విజ్ఞానానికి సేవ చేస్తే, అసలు ప్రయోగమే లేదా? నాలుగు రోజులు మేడ ఎక్కలేదు. ఆకు కావాలంటే చీటీ రాసి పంపమన్నాడు. ఆవిడ స్వయంగా చీటీలు రాసి పంపింది. రెండో రోజు చీటీ వెనకాల, "మాత్ర వేసుకున్నారా?" అని కూడా రాసింది. అవునని ఒక్క ముక్క రాసి తిప్పి పంపాడు.

సోమవారం తొమ్మిదింటికి ఆవిడ గది తలుపు తట్టిన చప్పుడైంది. బాబాయి. ఆయన వెనకాల ముఖం గంటు పెట్టుకుని లిఫ్టు ఆపరేటరు.

బాబాయి లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "ఈయనకీ షుగరేనమ్మా. నేను చేదాకు గురించి గొప్పలు చెప్పుకున్నానా, అది విని ఈయనా మాత్రలు మానేశాడు. నాకు నిన్ననే తెలిసింది. ఎంత చెప్పినా వినడు. ప్రయోగంలో ఒక ఖాళీ ఉందని చెప్పి లాక్కొచ్చాను."

"ప్రయోగం లేదని మీకు తెలుసు కదా బాబాయ్."

"నాకు తెలుసు. ఆయనకి తెలీదు."

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. తరవాత సొరుగు లాగి కొత్త నోటుపుస్తకం తీసి, లిఫ్టు ఆపరేటరుకి కుర్చీ చూపించింది.

"ఎన్నాళ్లు పడుతుందమ్మా ఇది?" అన్నాడతను, అనుమానంగా.

"ముప్పై ఏళ్లు" అంది ఆవిడ, రెప్ప వేయకుండా. "మధ్యలో మానేస్తే ఊరుకోను."

అతను తలాడించి, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న మాత్ర అరచేతిలో వేసుకుని దాని వంక అయిష్టంగా చూశాడు. బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని తన మాత్రా తీశాడు.

"అలా కాదు, ముందు నీళ్లు పుక్కిట పట్టు" అన్నాడు సీనియరు హోదాలో. "నన్ను చూసి నేర్చుకో."