మూడు రోజులు ఇద్దరం నోరు మెదపలేదు

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. నేర్పింది కార్ఖానా సందులో టైలరింగ్ షాపు నడిపే చెల్లె. సొంత చెల్లెలు కాదు. వాళ్లు ముస్లింలు, మేము కాదు. ముప్పై ఏళ్లుగా ఆమె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆయన పోయాక పింఛను కాగితాల మీద వేలిముద్ర వేసి వస్తే, నా బొటనవేలి సిరా చూసి ఆమెకు కోపం వచ్చింది. కత్తిరించే బల్ల మీద నల్ల లైనింగు గుడ్డ పరిచి, కొలతలు గీసే సుద్దతో ‘అ’ రాసింది.

"దిద్దు అక్కా. తప్పైతే దులిపేద్దాం. గుడ్డేం ఫిర్యాదు చెయ్యదు."

ఏడాదిన్నరకు చదవడం వచ్చింది. రాయడం మాత్రం బద్ధకం. ఫోనులో ఆమెకు ఏం చెప్పాలన్నా మాట రికార్డు చేసి పంపేదాన్ని. "ఒక్కసారన్న రాసి పంపరాదు, నా చదువంత బూడిదల పోస్తున్నవ్," అని తిట్టేది.

పింఛను తీసుకునేవాళ్లం ఏటా బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఆ రోజుల్లోనే ఒకడు ఫోను చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. ఇంటికాడి నుంచే రుజువు అయిపోతుందన్నాడు. నా ఫోనుకు ఆరంకెలు వచ్చాయి, చదవమన్నాడు. చదివాను. తడబడకుండా చదివాను. కోడలు పక్క గదిలోనే ఉంది, పిలవలేదు. చదువు వచ్చినదాన్ని, ఆమెను ఎందుకు పిలవాలి?

ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ తెరుచుకోలేదు. ఫోను పాడైందనుకున్నాను. ఎవరికీ చూపించలేదు. నా ఫోను ముట్టుకోవద్దు, నాకన్నీ తెలుసు అని ఇంట్లో అంతకు ముందే పెద్ద నోరు చేసి ఉన్నాను.

మర్నాడు, ఆ తర్వాతి రోజు కూడా చెల్లె షాపుకు వెళ్లాను. టీ తాగాం. ఆమె నన్ను రెండుసార్లు అడిగింది, "అంత మంచిదే గద అక్కా?" అని. మంచిదే అన్నాను. అట్లా ఎందుకు అడుగుతోందో పట్టించుకోలేదు.

మూడో రోజు ఒక కొత్త చీర తీసుకుపోయాను. చుట్టాలు గృహప్రవేశంలో నాకు పెట్టారు. జాకెట్టు కుట్టమన్నాను. ఆమె చీరను చూసింది, నన్ను చూసింది.

"కొత్త చీరలు సుత కొంటున్నవ్. మంచిగుంది."

"కొనలే, పెట్టిండ్రు. ఏందే గట్ల మాట్లాడ్తున్నవ్?"

"ఏం లేదు లే."

"ఏం లేకపోతే మూతి గట్లెందుకు పెట్టినవ్? చెప్పు."

ఆమె మిషను ఆపింది. "అక్కా, నేను అడగొద్దనుకున్న. రెండు దినాల్ల ఇస్తనంటివి. నెల కాకముందే షాపు అడ్వాన్సు పెంచి కట్టాలె. ఓనరు రోజూ వస్తుండు. గందుకే పరేషాన్ల ఉన్న."

ఏం ఇస్తానన్నానని అడిగాను. ఫోను తీసి చూపించింది. పైన నా బొమ్మ ఉంది. కింద రాసి ఉంది. వేలు పెట్టి చదివాను. పెద్ద కష్టం వచ్చింది, మాట్లాడే పరిస్థితి లేదు, నలభై వేలు పంపు, రెండు రోజుల్లో ఇస్తాను, ఈ సంగతి నా దగ్గర కూడా ఎత్తకు, సిగ్గుగా ఉంది. ఆ కిందే ఆమె డబ్బు పంపిన రసీదు.

"నేను రాయలే," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసిన ఆ చూపు ఒక్క క్షణమే. నన్ను నమ్మాలా వద్దా అని చూసింది. ముప్పై ఏళ్లలో అట్లా ఎప్పుడూ చూడలేదు.

సైబర్ పోలీసుల దగ్గరికి ఇద్దరం ఆటోలో పోయాం. అక్కడి ఆఫీసరమ్మ మా కోడలి వయసుది. నా ఆరంకెల సంగతి విని తల ఊపింది. అవి చెప్పడంతోనే నా వాట్సాప్ వాడి చేతికి పోయిందట. కంప్యూటర్లో చూసి, డబ్బు పడిన ఖాతా ఎవరో కూలివాడి పేరు మీద ఉందని, అతను ఖాతాను అద్దెకు ఇచ్చాడని చెప్పింది. డబ్బు అందులో ఒక పూటంతా కదలకుండా ఉందట. తర్వాత ముక్కలై ఎటెటో పోయింది.

"ఎంబడే చెప్తే ఆడనే ఆపిస్తుంటిమి. మూడు రోజులు ఏం చేసిన్రమ్మా? మీరిద్దరు కలవలేదా?"

"రోజూ కలిసినం," అన్నాను.

"మరి అడగలేదా?"

చెల్లె చున్నీ కొంగు మెలిపెట్టుకుంటూ అంది, "ఆపదల ఉన్న మనిషిని ఇచ్చిన పైసల గురించి అడుగుతరా మేడమ్? ఆమె ఇజ్జత్ ఏం గావాలె?"

ఆఫీసరమ్మ రాయడం ఆపింది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఫోనుకు వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పొద్దు. డబ్బు అడిగితే, ఎంత అయినవాళ్లయినా, మనకు తెలిసిన నంబరుకు మనమే ఫోను చేసి గొంతు విని పంపాలి. అంతే. ఇంత చిన్న మాట.

తిరిగి వస్తుంటే ఆటోలో చెల్లె బయటికి చూస్తూ అంది, "ఫోను చేద్దామనుకున్న అక్కా. కానీ మొదటిసారి రాసి పంపినవని సంబరపడ్డ. నాలుగుసార్లు చదువుకున్న."

నా కమ్మలు అమ్మి తెచ్చిన డబ్బు ఆమె ముట్టలేదు. "నువ్వు తీస్కోలేదు, నువ్వెట్ల ఇస్తవ్?" అంది. బతిమాలాను, తిట్టాను. వినలేదు. నెల తిరిగేసరికి షాపు ఖాళీ చేసింది. మిషనును ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే నేను ఒక పక్క పట్టుకున్నాను. అంతకంటే నేను చేసిందేమీ లేదు.

ఇప్పుడు కాప్రాలో కొడుకు దగ్గర ఉంటోంది. ఇల్లు ఇరుకు, మిషను బాల్కనీలో దుప్పటి కప్పుకుని ఉంది. నేను ఫోను చేస్తే ఎత్తదు, కట్ చేస్తుంది. డైరీలో నా నంబరు చూసుకుని తనే తిరిగి చేస్తుంది. అదే పద్ధతి. అందరూ అట్లాగే చేయాలి, నేనూ చేస్తున్నాను. కానీ ఆమె కట్ చేసిన ప్రతిసారీ, ఫోను ఒళ్లో పెట్టుకుని అది మోగేదాకా చూస్తూ కూచుంటాను.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "నా గొంతు సుత గుర్తువట్టవానే?"

"గుర్తువడ్త అక్కా," అంది. "గా దినం సుత నిన్ను మంచిగనే గుర్తువట్టిన అనుకున్న."