రక్తదాతల పేర్లు దొరకని రోజు

అది 1999 వేసవి. మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. నేను ఏ కోర్సూ చేయలేదు. నాకు వచ్చినదంతా జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదివి, నోటుబుక్కులో రాసుకున్నదే. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

పెద్ద దవాఖాన ఎదురుగా సలీం భాయి మందుల దుకాణం ఉండేది. రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, గ్రూపు, ఫోన్ నంబర్లు ఆయన సొంతంగా కంప్యూటర్‌లో పెట్టుకునేవాడు. ఈ సంగతి జరగడానికి మూడు రోజుల ముందే ఆయన కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. అది వేసే ముందు ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి, హార్డ్ డిస్కు మొత్తం చెరిపేశాను. ఆ డ్రైవ్ ప్రింటర్ కేబుల్ తగిలించే చోటే తగిలించే విడి పెట్టె. ఫైళ్లు ఇంకా కంప్యూటర్‌లోకి తిరిగి ఎక్కించలేదు, చేసిన బ్యాకప్ తెరుచుకుంటుందా అని కూడా చూడలేదు.

ఆ రోజు పొద్దున సలీం భాయి కబురు పంపితే వెళ్లాను. కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చిన లక్ష్మమ్మకు కాన్పు కష్టమైంది. సాయంత్రంలోగా ఆపరేషన్ చేయాలి. దవాఖానలో ఓ నెగెటివ్ రక్తం ఒక్క సీసాయే ఉంది, ఇంకొకటి కావాలి. ఆ గ్రూపువాళ్ల పేర్లేమో డ్రైవ్‌లో ఉన్నాయి, కంప్యూటర్ ఆ డ్రైవ్‌నే గుర్తుపట్టడం లేదు.

"పేర్లు రాసుకున్న పాత చీటీలేవి భాయి?" అని అడిగాను.

"కంప్యూటర్ల ఉన్నయ్ గదా అని వాటిల్ల గోలీలు కట్టిచ్చిన తమ్మీ. ఇప్పుడు మా రక్తదాతలంతా జిల్లా మొత్తం జ్వరం గోలీలు మోస్తున్రు."

లక్ష్మమ్మ పెనిమిటి నాగయ్య గడప దగ్గరే నిలబడ్డాడు. "సారూ, గీ డబ్బాలనే మా ఆమె పానమున్నదంటున్రు. జర సూడున్రి" అన్నాడు.

కేబుల్ మార్చాను. డ్రైవర్ మళ్లీ వేశాను. అది డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రాం. అయినా ఫలితం లేదు. పాత సిస్టమ్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో చూద్దామంటే, దానికి కావాల్సిన పాత డ్రైవర్ ఫ్లాపీ బూజు పట్టి తెరుచుకోవడం లేదు. సైకిల్ తీశాను.

"యాడికి?" అన్నాడు సలీం భాయి.

"లైబ్రరీకి."

"మనిషి దవాఖానల ఉంటే నువ్వు బుక్కులు సదువబోతవా?"

"సదువకుంటె నాకేం తెల్వదు భాయి!"

గ్రంథాలయంలో కంప్యూటర్ పత్రికల పాత సంచికలు ఒక్కొక్కటే తిరగేశాను. ఐదో దాంట్లో ఒక పేరా దొరికింది. కొత్త సిస్టమ్ తాను మొదలయ్యేటప్పుడు మాత్రమే ఇలాంటి డ్రైవ్‌ల కోసం వెతుకుతుందట. ఆ క్షణానికి డ్రైవ్‌లో కరెంటు లేకపోతే, అది లేనట్టే.

మా ఊళ్లో అందరి అలవాటూ దానికి తలకిందులు. వోల్టేజీ తక్కువ కాబట్టి అన్నీ ఒకేసారి వేస్తే స్టెబిలైజర్ టక్కున కరెంటు ఆపేసేది. అందుకే ముందు కంప్యూటర్ వేసి, అది నిలదొక్కుకున్నాక మిగతావి వేసేవాళ్లం. ఆ అలవాటు నేర్పిందీ నేనే.

తిరిగి వచ్చి అన్నీ ఆర్పేశాను. ముందు డ్రైవ్, కాసేపు ఆగి కంప్యూటర్. ఈసారి డ్రైవ్ కనిపించింది. బ్యాకప్ కూడా తెరుచుకుంది. ఓ నెగెటివ్ కింద నాలుగు పేర్లు. ఇద్దరు ఊళ్లో లేరు, ఒకరికి జ్వరం. నాలుగో మనిషి కొత్తకోట దగ్గర గొర్రెలు కాసే యాదయ్య. వాళ్ల ఊరి ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేశాం.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. "గొర్లను మా తమ్మునికి అప్పజెప్పొచ్చిన. సూది జర సన్నది పెట్టున్రి" అన్నాడు.

ఆపరేషన్ అయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. నాగయ్య నాకు దండం పెట్టబోతే యాదయ్యను చూపించాను.

ఆ రోజు నుంచి ఎవరి కంప్యూటర్ చెరపాల్సి వచ్చినా, ముందు బ్యాకప్‌ను వేరే యంత్రంలో తెరుస్తాను. వాళ్లను పక్కన కూర్చోబెట్టి, వాళ్ల ఫైల్లోంచే ఒక పేరు చదివి వినిపించమంటాను. అది విన్నాకే చెరుపుతాను.