సీటెక్కిన ఇరుసు

ఖమ్మం బస్టాండులో ఒకాయన కిటికీలోంచి తువ్వాలు వేసి నా పక్క సీటు ఆపాడు. తీరా అందులో ఏనుగు తొడంత ఇనుప ఇరుసును కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు.

"ఏందన్నా గిది?" అన్నాను.

"పాత జీపుది సార్. నా పికప్‌కు ఎనుక చక్రాలే గుంజుతయి. ఇది బిగిస్తే ముందువి గూడ గుంజుతయి. ఇంటికాడ నేనే బిగిస్త."

"అయ్యే పనేనా?"

"కావాలె. పోయిన వానలల్ల వాగు బురదల దిగబడ్డం. దవాఖానకు అందక బిడ్డ దక్కలే. మా ఆమెకు మళ్ల శ్రావణంలనే నెలలు నిండుతయి."

సొంత మామగారికే సీటివ్వని మహానుభావుణ్ణి, లేచి ఆయన్ను కూర్చోమన్నాను. ఆయన దండం పెట్టి, ఇరుసు రెండో కొసను నా సీటు మీదికి జరిపాడు. సారపాక దాకా మూడు గంటలు ఇద్దరం నిలబడే వెళ్లాం.

శ్రావణంలో వాన పట్టిందంటే నాకిప్పటికీ కాళ్లు పీకుతాయి.