జాబితా కంటే ముందు ఫోన్ చేసే మనిషి

2014 ఏప్రిల్ 14, సోమవారం. బట్టలు రెండు లోడ్లు. ఇడ్లీకి పప్పు నానబోయడం. వ్యాన్‌కి ఆయిల్ మార్పించడం. లైబ్రరీ పుస్తకాలు నాలుగు తిరిగి ఇవ్వడం. పన్ను కాగితాలు మరొక్కసారి సరిచూసి పోస్టులో వేయడం. ఇందులో మూడు పనులు అయ్యాయి. నాలుగో పని మీద ఉండగా, పదకొండూ ఇరవైకి మా తోడికోడలు అక్కయ్య ఫోన్ చేసింది. "మీ బావగారు లేవలేదే" అంది. నాకు మొదట అర్థం కాలేదు. ఆలస్యంగా లేవడం ఆయనకి ఎప్పుడూ లేదు. "లేవలేదే" అని మళ్ళీ అంది. అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే పోయారు. అరవై మూడేళ్ళు. మావారికి ఒక్కరే అన్నయ్య.

అమెరికాలో మేముండే ఈ క్యారీ ఊళ్ళో మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన మందుల కంపెనీలో సైంటిస్టుగా తెలుసు. అందరూ తలో వంటా తెచ్చే గుడి పాట్‌లక్‌లో పెరుగన్నం డబ్బా పక్కన నిలబడి అందరికీ వడ్డించే మనిషిగా తెలుసు. శనివారాలు ఆయన ఏం చేసేవారో తెలిసినవాళ్ళు తక్కువ. ఆ శనివారాల గురించే రాస్తున్నాను.

బావగారు అమెరికా రావడానికి ముందు మెల్‌బోర్న్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేశారు. ల్యాబ్‌లో స్నేహితులు పట్టుకెళ్తే వాళ్ళ పేట క్లబ్బులో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడటం మొదలుపెట్టారు. అది మన క్రికెట్ గ్రౌండ్ లాంటి గుండ్రటి మైదానంలో, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఆట. తన్నవచ్చు, పిడికిలితో కొట్టవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు. ప్రతి క్లబ్బుకీ ఒక పెద్ద జట్టు ఉంటుంది, దాన్ని సీనియర్స్ అంటారు. దాని కింద రెండో జట్టు, రిజర్వ్స్. రిజర్వ్స్‌లో ఉన్నవాళ్ళందరి కళ్ళూ సీనియర్స్ మీదే. బావగారు రిజర్వ్స్‌లో ఏడేళ్ళు ఆడారు.

"ఒక్క వారం కూడా పైకి పిలవలేదా బావగారూ?" అని అడిగాను ఒకసారి.

"లేదమ్మాయ్. నాకంటే బాగా ఆడేవాళ్ళున్నారు మరి" అన్నారు, పెసరట్టు మీద అల్లప్పచ్చడి వేసుకుంటూ. అంతే. ఆ మాటలో చేదు వెతికాను. దొరకలేదు.

ఇక్కడికి వచ్చాక మన ఊళ్ళో అలాంటి క్లబ్బే ఒకటి ఉందని తెలిసింది ఆయనకి. నలుగురైదుగురు ఆస్ట్రేలియావాళ్ళు, మిగతా అంతా అమెరికన్లు. మనవాళ్ళు పొద్దున క్రికెట్ ఆడే గ్రౌండ్‌లోనే మధ్యాహ్నం వాళ్ళు ఆడతారు. "పిచ్ తొక్కి పాడుచేస్తున్నారండీ మీవాళ్ళు" అని క్రికెట్ మూర్తిగారు బావగారితో నెలకోసారి గొడవపడేవారు. బావగారు ప్రతిసారీ సారీ చెప్పి, ఆట అయిపోయాక ఒక్కరే రోలర్ లాగేవారు. క్లబ్బువాళ్ళు ఆయన్ని రిజర్వ్స్‌కి కోచ్‌గా పెట్టారు. పదకొండేళ్ళు ఆ పని చేశారు. సీనియర్స్ కోచ్ పని రెండుసార్లు ఇస్తామన్నా తీసుకోలేదు.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. సీనియర్స్‌కి ఎంపికైనవాళ్ళ జాబితా గురువారం ప్రాక్టీస్ దగ్గర ఆయన వ్యాన్ వెనక అద్దానికి అతికించేవారు. దానికి ముందు, బుధవారం సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది లోపల, ఎంపిక కానివాళ్ళకి ఒక్కొక్కరికీ ఆయనే ఫోన్ చేసేవారు. ఎందుకు తీసుకోలేదో, ఏం దిద్దుకోవాలో చెప్పేవారు. ఎంపికైనవాళ్ళకి మాత్రం చేసేవారు కాదు. "మంచి కబురు కాగితం మోస్తుంది. చెడ్డ కబురు మనిషే మొయ్యాలి" అనేవారు. ఒక్కో బుధవారం పన్నెండు ఫోన్లు. అక్కయ్య ఎనిమిదింటికి కంచం పెట్టి, తొమ్మిదింటికి మళ్ళీ వేడిచేసేది.

మా అబ్బాయి వంశీ హైస్కూల్ అయ్యాక పెదనాన్న వెంట వెళ్ళి రిజర్వ్స్‌లో చేరాడు. వాణ్ణి దింపడానికి వెళ్ళి నేను ఊరికే కూర్చునేదాన్ని. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒక నోట్‌బుక్‌లో ఎవరు ఎన్నిసార్లు తన్నారు, ఎన్నిసార్లు పట్టారు అని గీతలు గీయడం మొదలుపెట్టాను. మూడో వారం బావగారు అది చూశారు. తరువాతి వారం ఒక క్లిప్‌బోర్డ్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇకమీదట టీమ్‌కి లెక్కలు నువ్వే రాయాలి" అన్నారు.

"నాకు ఆట తెలీదు కదండీ."

"ఆట తెలిసినవాళ్ళు ఆట చూస్తారు. నాకు లెక్క రాసేవాళ్ళు కావాలి."

అన్నిటికంటే కష్టమైన లెక్క మార్క్. ఒకరు తన్నిన బంతి పదిహేను మీటర్లకు తక్కువ కాకుండా వచ్చి, నేల తగలకుండా, మధ్యలో ఎవరూ ముట్టుకోకుండా చేతిలో పడితే అది మార్క్. పట్టినవాడు ఆగి, ఎవరూ మీదపడకుండా, తీరిగ్గా తన్నవచ్చు. దూరం తగ్గితే అది మార్క్ కాదు. ఆ దూరం నా కంటికి అలవాటు కావడానికి ఆయన మా డ్రైవ్‌వే నుంచి రోడ్డు దాకా సుద్దతో గీతలు గీసి, పిల్లల బంతి ఒకటి తెచ్చి, వరసగా మూడు సాయంత్రాలు నాకు పరీక్ష పెట్టారు. ఎదురింటావిడ కుక్కతో వెళ్తూ ఆగి చూసేది. మూడో రోజుకి నేను తప్పు చెప్పడం మానేశాను. మా ఇంట్లో నాకు గర్వంగా అనిపించిన సర్టిఫికెట్ ఏదైనా ఉందంటే అదే.

ఇప్పుడు నేను తప్పు చేసిన సంగతి రాయాలి.

2009లో, ఊరూరి జట్లు కలిసి ఆడే పెద్ద టోర్నమెంట్‌కి ముందు సీనియర్స్‌లో ఒక్క చోటు ఖాళీ అయింది. బాగా మార్క్ పట్టేవాడు కావాలని పై కోచ్ అడిగాడు. రిజర్వ్స్‌లో ఇద్దరున్నారు. ఒకరు మా వంశీ. రెండోవాడు డానీ, అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే ముప్పై ఏళ్ళ మనిషి, నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నవాడు. శనివారం ఆటలో ఎవరు ఎక్కువ మార్క్‌లు పట్టుకుంటే వాళ్ళ పేరు పంపిస్తానని బావగారు ముందే అందరికీ చెప్పారు.

ఆట అయింది. నా షీట్‌లో వంశీకి ఆరు, డానీకి ఐదు.

అందరూ వెళ్ళిపోయాక బావగారు షీట్ చూసి, "మూడో క్వార్టర్‌లో వంశీవి రెండున్నాయి. ఎక్కడ పట్టాడో చూపించమ్మాయ్" అన్నారు. చూపించాను. "తన్నినవాడు ఎక్కడున్నాడు?" అది కూడా చూపించాను. ఆయన అక్కడ నుంచి ఇక్కడికి, ఒక్కో అడుగూ ఒక మీటరు పడేలా, అడుగులు కొలుచుకుంటూ నడిచారు. మొదటిది పదకొండు. రెండోది పన్నెండు. మార్క్ అయితే అంపైర్ ఈల ఊదుతాడు; ఆ రెండిటికీ ఊదలేదని నాకు గుర్తుంది. ఊదడం మరిచిపోయాడని ఆ నిమిషంలో నాకు నేనే చెప్పుకున్నాను. నాకు తెలిసే రాశానా అంటే, సగం తెలుసు.

ఆయన కోప్పడలేదు. "కళ్ళు కాదమ్మాయ్, కడుపు లెక్కపెట్టింది" అన్నారు. పెన్ను ఇచ్చి, "నువ్వే దిద్దు" అన్నారు. ఆరు కొట్టేసి నాలుగు వేశాను. పక్కన సంతకం పెట్టాను.

"ఇక నన్ను మానేయమంటారా?"

"మానేస్తే ఎవర్ని పెట్టుకోను? దిద్దినదానివి, ఇక చచ్చినా తప్పు రాయవు. ఈ సంగతి మనిద్దరి దగ్గరే ఉంటుంది" అన్నారు.

ఆ బుధవారం మా ఇంటికి ఫోన్ వచ్చింది. వంశీతో ఆయన పది నిమిషాలు మాట్లాడారు. వాడు "ఓకే పెదనాన్నా" అని పెట్టేసి పైకి వెళ్ళిపోయాడు. మావారు మండిపడ్డారు. "సొంత తమ్ముడి కొడుకయ్యా! ఒక్క పేరు. ఆ ఒక్క పేరు రాయడానికి చెయ్యి రాలేదా?" అని ఫోన్లో అన్నయ్యని అడిగారు. బావగారు ఏం చెప్పారో నాకు వినపడలేదు. నా పేరు మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే మావారు నావైపు తిరిగేవారు.

ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండక్కి మేము వాళ్ళింటికి వెళ్ళలేదు. గుడిలో ఒకావిడ నన్ను పక్కకి లాగి, "అన్నదమ్ములకి ఏమైనా ఆస్తి తగాదాలా?" అని అడిగింది. ఇంకొకావిడ, "ఆయనకి పిల్లల్లేరు కదా, అందుకే వేరేవాళ్ళ పిల్లల బాధ తెలీదు" అంది. ఆ మాట ఆయన చెవిన పడింది. ఆయన గరిటెతో పెరుగన్నం సర్దుతున్నారు. "కొంచెం ఊరగాయ వెయ్యనా అండీ?" అని ఆవిడనే అడిగారు. నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు.

మరుసటి సంవత్సరమంతా వంశీ కాలేజీ నుంచి వారానికి రెండుసార్లు నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని ప్రాక్టీస్‌కి వచ్చాడు. వాడిలో నేను చూడని పట్టుదల అప్పుడు చూశాను. శరదృతువులో టోర్నమెంట్ జాబితా వారం వచ్చింది. బుధవారం సాయంత్రం ఏడింటికి మేం ముగ్గురం ఫోన్ ఉన్న గదిలోనే ఉన్నాం, ఎవరికివాళ్ళు పనున్నట్టు. ఏడున్నరకి ఫోన్ మోగింది. వంశీ తీశాడు.

"అమ్మా, సుజాత ఆంటీ. కరివేపాకు మొక్క ఉందా అంటుంది."

"చచ్చిపోయిందని చెప్పు!"

"నిజంగానా?"

"ముందు పెట్టెయ్‌రా!"

ఎనిమిదిన్నర అయింది. మావారు టీవీ సౌండ్ తగ్గించారు. తొమ్మిదయింది. తొమ్మిదీ ఐదు. వంశీ నావైపు తిరిగి, "ఇంక చేయడు కదా పెదనాన్న?" అన్నాడు చిన్న గొంతుతో. పంతొమ్మిదేళ్ళవాడు, ఆరడుగుల వాడు, వంటగది గట్టు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మోగని ఫోన్ చూసి అంత గర్వపడిన ఇల్లు ఇంకొకటి ఉండదు.

టోర్నమెంట్‌లో సీనియర్స్ ఆట, రిజర్వ్స్ ఆట ఒకే వేళకి, పక్కపక్క మైదానాల్లో పడ్డాయి. "నువ్వు అటు వెళ్ళు, వాడి మొదటి ఆట" అన్నారు బావగారు.

"మరి మీరు?"

"నా పిల్లలు పద్దెనిమిది మంది ఇక్కడున్నారు" అన్నారు.

నేను వెళ్ళలేదు. అటునుంచి కేకలు వచ్చినప్పుడల్లా నా తల తిరిగేది. ఆయన తల తిరగలేదు. వంశీ ఆ రోజు ఏం ఆడాడో మా ఇద్దరికీ తరువాత వాడే చెప్పాడు. చెబుతుంటే ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి ప్రతి తన్నూ అడిగి అడిగి చెప్పించుకున్నారు.

అన్నదమ్ముల మధ్య మాటలు తరువాత కలిశాయి. కానీ మావారి మనసులో ఒక మూల అది ఉండిపోయింది. "మావాణ్ణి ఒక ఏడాది వెనక్కి లాగాడు అన్నయ్య" అని నవ్వుతూనే అనేవారు, నలుగురిలో. నేను కాఫీ తేవడానికి లేచేదాన్ని.

అంతిమదర్శనం రోజు రిజర్వ్స్‌లో ఆడినవాళ్ళు, ఆడుతున్నవాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. ఇస్త్రీ చొక్కాల్లో ఇబ్బందిగా కదులుతూ వరసలో నిలబడ్డారు. డానీ అక్కయ్య చేతులు పట్టుకుని, "నన్ను తీసుకోని ప్రతిసారీ ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఒక్కసారి కూడా నన్ను కాగితం చూసి తెలుసుకోనివ్వలేదు" అన్నాడు. వెనక ఉన్నవాళ్ళు తలలూపారు. అక్కయ్య అప్పటిదాకా ఏడవలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు మళ్ళీ ఆ పాత మాట ఎత్తారు, ఈసారి నవ్వకుండా. నేను కాఫీకి లేవలేదు. పదకొండు అడుగులు, పన్నెండు అడుగులు, కొట్టేసిన ఆరు, అన్నీ చెప్పాను. ఇప్పుడు తనుంటున్న ప్లేనో ఊరి నుంచి వచ్చిన వంశీ అన్నం కలుపుతూ ఆగాడు.

"నాకు తెలుసు కదమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"బాల్ పట్టింది నేనే కదా, నీ షీట్‌లో ఆరు అని ఉండటం కూడా ఆ రోజు చూశాను. ఎంత దూరం వచ్చిందో నాకు తెలీదా? ఆ వెన్స్‌డే ఫోన్‌లో నేనే చెప్పాను పెదనాన్నకి, అవి మార్క్స్ కావు అని. వెరీ గుడ్ రా అన్నాడు. అమ్మతో అనకు, ఫీలవుతుంది అన్నాడు."

మావారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చేయి కడుక్కుని బయటికి వెళ్ళి, ఇంటి వెనక చెక్క డెక్ మీద చాలాసేపు నిలబడ్డారు.

తరువాతి శనివారం రిజర్వ్స్ ఆట ఉంది. నేను క్లిప్‌బోర్డ్ తీసుకుని బయల్దేరితే మావారు కారులో ముందే కూర్చుని ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆయన రిజర్వ్స్ ఆట చూడటం అదే మొదలు. ఆఫీసు బూట్లతో తడి గడ్డిలో, గీత పక్కన నిలబడ్డారు. సగం ఆట అయ్యాక నా దగ్గరకి వచ్చి, "వీళ్ళలో పైకి వెళ్ళేదెవరు?" అని అడిగారు. ఇంకా సగం ఉంది, ఇప్పుడే చెప్పకూడదన్నాను. సరేనని తిరిగి వెళ్ళి, ఎవరో పేరు తెలియని కుర్రాడు పరిగెత్తుతుంటే చప్పట్లు కొడుతూ నిలబడ్డారు.

బావగారికి వేరేవాళ్ళ పిల్లల బాధ తెలీదని ఈ ఊళ్ళో పడ్డ మాట నావల్ల పడింది. అది తప్పని అందరూ చదివేలా ఇక్కడ రాశాను. ఆయనకి నేను ఉన్న బాకీ ఇదొక్కటే. చెల్లు.