సొంత హోటలు మీద అభ్యంతరం

మొగుడి మీద ఫిర్యాదుకి వెళ్తున్న గయ్యాళిని నేను బస్సులో చూశానని మా ఇంట్లోవాళ్ళు అందరికీ చెప్తారు. గయ్యాళి అన్న మాట నేను ఏనాడూ అనలేదు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. భిలాయి నుంచి రాయ్‌పూర్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగావిడకి భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర మరోదాలో చిన్న భోజన హోటలుంది. అందులో నాణెం వేసి ఆడే పందెం మిషను పెట్టడానికి వాళ్ళాయన లైసెన్సు అడిగాడు. ఇరుగుపొరుగువాళ్ళకి అభ్యంతరం ఉంటే ఆ రోజు రాయ్‌పూర్‌లో లైసెన్సు ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చట.

“నానే సెప్తాను దీదీ. ఆ మిషనుకి నాకంటే దగ్గిర పొరుగు ఎవలున్నారు? నా పొయ్యికీ దానికీ మద్దిన ఒక్క పరదాయే గదా! డ్యూటీ దిగినోడు పైసలన్నీ దాన్లో ఏసేస్తే నా అన్నం ఎవుడు తింటాడు?”

“హోటలు మీదే అయితే మీ అభ్యంతరం చెల్లుతుందా?” అన్నాను. వాదన ఎదురైతే నేను ఊరుకోలేను.

“పెళ్ళాం సెప్పకూడదని రూల్లో ఉందేటి?”

“మరి మీ ఆయనకి తెలుసా?”

ముందు సీట్లో బట్టతలాయన వెనక్కి తిరిగాడు. “తెలీకేటమ్మా? టికెట్టు తీసింది నానే.” చేతిలో పల్లీల పొట్లం ఆవిడకి అందించాడు. “తినే. అక్కడ గట్టిగా అరవాల గదా.”

ఆవిడ నవ్వుతూనే తింది, “బిల్కుల్ అరుస్తాను,” అని కూడా అంది.

రాయ్‌పూర్‌లో ఇద్దరూ ఒకే రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు. ఒకే ఇంటి నుంచి దరఖాస్తూ, అభ్యంతరమూ కలిసి వస్తే, ఆ ఆఫీసరు చివరికి ఎవరి మాట విన్నాడు?